గోడకివతల

నేను ఆ సినిమా చూళ్లేదు.
విన్నా.

వైదేహి టాకీసు సైకిల్ స్టాండులో
నా స్టూలు తెర వెనకాల గోడకి ఆనుకొని ఉంటది.
పద్దెనిమిదేళ్ల నుంచీ
ఫైటింగులన్నీ వీపుతోనే చూస్తా ఉండా.

ఇందులో ఫైటింగు లేదు.
మొదటి రోజు పొద్దుటాటకి నలభై టోకెన్లు.
చాలాసేపు వీపుకేం తగల్లా.
మిషను ఆగిందేమోనని లేవబోతే
బిందె చప్పుడు.
ఖాళీ బిందె, సిమెంటు మీద.
మళ్లీ ఏం లేదు.
మళ్లీ బిందె.

పెన్న కట్ట కింద రేకుల ఇళ్లల్లో తీశారంట.
తీసినోడు మనూరోడే, సంతపేట టైలరు కొడుకు,
ఇంజనీరింగు నడిమధ్యలో వదిలేసినోడు.
పోస్టరు మీద హీరో బొమ్మ కూడా లేదు.
ఆఖర్న, నీళ్ల ట్యాంకరు ఆగకుండా పోయినాక,
ఆమె సూటిగా హాల్లోకి చూసి
తుపుక్కున ఊసిందంట.
అంతే, లైట్లు.

ఆ ఊసింది మొహానికి అట్టనే అంటుకొనుండంగా
బయటికొచ్చారు జనం.

"ఊయించుకునేదానికా డబ్బులిచ్చింది?"
టోకెను నా ఒళ్లోకి విసిరాడు ఎరువుల కొట్టాయన.
"నెల్లూరంటే ఇదేనా?
మనకొక మంచి వీధి లేదా, ఒక పెళ్లి లేదా,
వాడి కెమెరాకి మురుక్కాలవే దొరికిందా?"
కృపానందం లాయరు కళ్లజోడు తుడుచుకుంటా
"నిజం" అన్నాడు.
ఏది నిజమో చెప్పలా.
తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాడు,
తాళం బండికే ఉండింది.

కాలేజీ పిల్లోళ్లిద్దరు.
"పదకొండు నిమిషాలు కెమెరా కదల్లేదురా, నిద్రొచ్చింది."
"ఆమెకి రాలేదు కదరా."
ఇద్దరిదీ ఒకటే బండి.
ఎక్కేదానికి చాలాసేపు పట్టింది.

రెండో రోజు పోస్టరు ఎవరో చించారు.
మూడో రోజు ఆ చిరుగు మీదనే
ఎవరో చేమంతి దండేశారు.
టీ కొట్టు కాడ రెండు గుంపులు,
ఎవరి గ్లాసులు వాళ్లవి.

వెంగమ్మ మాత్రం ఏ గుంపులోనూ లేదు.
ఆటకీ ఆటకీ మధ్య హాలు ఊడ్చేది ఆమే.
సినిమాలో ఇల్లు కూడా ఆమెదే.
బాడుగ మూడు వేలు, రెండు రోజులు భోజనం.
నాలుగో రోజు మ్యాట్నీకి మేనేజరు
"కూర్చో, ఊరికే చూడు" అన్నాడంట.
వెనక వరసలో
చీపురు ఒళ్లో పెట్టుకొని చూసిందంట.

"ఎట్టుంది?" అన్నా.

"నా సత్తు గిన్నెకి మసి పూశారు మస్తానన్నా.
బూడిదేసి తోమి బోర్లించుకున్న గిన్నె.
అట్టా మెరవగూడదంట.
దోమతెర ఊడదీయించారు.
చీటీ పాడి కొనుక్కున్న దోమతెర."

"అయితే అంతా అబద్ధమేనా?"

టీ చల్లారిందాకా గ్లాసు తిప్పతా ఉండింది.
"అందులో పిల్లుంది చూడు, నిద్దట్లో లెక్కపెడద్ది.
ఒక బిందె, రెండు బిందెలు, మూడు దగ్గర ఆగిపోద్ది.
నా కూతురు అట్టనే.
మూడు దగ్గరే.
వాళ్లకెవరు చెప్పారో.
నేను చెప్పలా."

లేచి, కొంగు దులుపుకొని
రెండడుగులేసి, వెనక్కి తిరిగింది.
"ఊసింది మాత్రం ఉత్తదే.
తుడిచేదాన్నే ఊస్తానా?"

ఆ రాత్రి సెకండు షోకి తొమ్మిదే టోకెన్లు.
రేపటి నుంచి వేరే సినిమా, పెట్టెలు వచ్చేసుండాయి.
గోడకి వీపు కాకుండా
చెవి ఆనించా మొదటిసారి.
బిందె.
చాలాసేపు ఏం లేదు.
ఎవరో పిల్ల, సన్నగా, లెక్క.
మూడు.
ట్యాంకరు.
తుపుక్.
ఆ తర్వాత కుర్చీలు,
ఆ తర్వాత చీపురు చప్పుడు.

ఎనిమిది బళ్లు వెళ్లిపోయినాయి.
తొమ్మిదోది పాత సైకిలు,
వెనక క్యారియరుకి సైకిల్ ట్యూబు చుట్టుంది.
దాని మనిషి గేటు దాటి
కట్ట వైపు నడుచుకుంటా పోయాడని
పాన్ కొట్టు పిల్లోడు చెప్పాడు.

పన్నెండున్నర.
లైటు ఆర్పలా నేను.